మామ అడిగిన మాత్రలు

ఇక్కడ అమెరికాలో తెలుగువాళ్లు నలుగురు కలిస్తే మొదటి ప్రశ్న "మీరు ఏ కంపెనీ?" అనే. యూనివర్సిటీలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన), ఈస్టు మీద పని అంటే "బేకరీలో వేసేదేనా?" అని నవ్వుతారు. అదేనంటాను. జీతం అడగకుండా వదిలేస్తారు, అదొక లాభం.

అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు ఈస్టంటే పరీక్షకు ఒక చిన్న ప్రశ్న. ఇప్పుడు నా బతుకంతా దాని మూడో క్రోమోజోమ్ మీదే. ఈస్టు కణాల్లో ఏ, ఆల్ఫా అని రెండు రకాలున్నాయి. ఒక రకం రెండోదానితోనే జతకడుతుంది. ఏది ఏ రకమో మ్యాట్ అనే చోట ఉన్న జన్యువులు తేలుస్తాయి. విచిత్రమేమంటే, రెండు రకాల సమాచారమూ అదే క్రోమోజోమ్ రెండు చివరల దగ్గర కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది. కానీ పలకదు. సర్ అనే ప్రొటీన్లు అక్కడి డీఎన్ఏను మూత పెట్టినట్టు బిగించి మూసేస్తాయి. విత్తనానికని పక్కన పెట్టిన శెనక్కాయ మూటల్లాంటివి ఆ కాపీలు, ఇంట్లో ఎవరూ ముట్టరు. కణం రకం మార్చుకోవాలంటే హెచ్ఓ అనే ఎంజైమ్ మ్యాట్ దగ్గర డీఎన్ఏను కోస్తుంది. ఆ కోతను పూడ్చడానికి చివరనున్న కాపీ నుంచి నకలు తీసుకుంటుంది. అసలు కాపీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

మూత ఊడితే రెండు రకాల సమాచారమూ ఒకేసారి పలుకుతుంది. కణం తనకు అప్పటికే జత కుదిరిందన్నట్టు ప్రవర్తించి, ఇక ఎవరితోనూ కలవదు. అందుకే మా పని తిరకాసుగా ఉంటుంది. ప్లేటు మీది కాలనీలను వెల్వెట్ గుడ్డతో అద్ది, రెండో రకం కణాలున్న ప్లేటు మీద వేస్తాం. జతకట్టినవే పెరిగే మీడియం అది. పెరిగినవాటిని వదిలేసి, ఖాళీగా మిగిలిన చోట్లు వెతుకుతాం. మూత ఊడిన కణాలు దొరికేది అక్కడే. 30 డిగ్రీల దగ్గర కాలనీ కంటికి కనబడాలంటే రెండు రోజులు పడుతుంది. శుక్రవారం వేస్తే ఆదివారం చూడాలి. తెలుగువాళ్ల పాట్‌లక్‌లకు నేనెప్పుడూ ఆలస్యమే.

ఈ మూత సంగతి తేల్చినవాళ్లలో మన దేశం నుంచి అమెరికా వచ్చిన అమర్ క్లార్ ఒకరు. 1979లో ఆయన బృందం మార్1 అని పిలిచిన జన్యువే నేటి సర్2, ఆ మూత వేసే సర్ ప్రొటీన్లలో ఒకదాని జన్యువు.

ఆ సర్2 అనంతపురం దాకా పోయింది. మొన్న మామ ఫోన్ చేసి, "అల్లుడూ, నువ్వు చేసే పనికి సంబంధించిన మాత్రలంట, ఫోన్లో చూసినా. ముసలితనం రాదంట. వేసుకోవచ్చునా?" అన్నాడు.

దాని వెనుక కొంత నిజముంది. సర్2 కాపీ ఒకటి ఎక్కువ పెడితే ఈస్టు తల్లికణం మరిన్ని సార్లు విభజన చెందుతుందని 1999లో తేలింది. ఆ ఊపు ఎంతదాకా వెళ్లిందంటే, ఈ రకం ప్రొటీన్ల మీద మందులు చేసే సర్ట్రిస్ కంపెనీని 2008లో మందుల కంపెనీ గ్లాక్సో 72 కోట్ల డాలర్లకు కొంది. 2011లో పురుగుల్లో, ఈగల్లో ఆ ప్రయోగాలను మరింత జాగ్రత్తగా చేస్తే ఆయుష్షు పెరగలేదు. 2013లో సర్ట్రిస్ ఆఫీసే మూసేశారు. నన్నడిగితే జతకట్టే జన్యువుల కథే ఇంతకన్నా గట్టిది, కానీ దాన్ని సీసాలో పోసి అమ్మలేరు.

"వద్దు మామా, బీపీ మాత్రలు టైముకు వేసుకో చాలు" అన్నాను. అవతల కాసేపు నసిగాడు. డల్లాస్ నుంచి వచ్చేవాళ్లతో అప్పటికే రెండు డబ్బాలు తెప్పించుకున్నాడంట.