మా కబ్‌మాస్టర్‌కి తెలియకుండా ఆయన అవార్డు ఫారం నింపిన కథ

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటాం. మా పిల్లల కబ్ స్కౌట్ ప్యాక్‌లో, అంటే ప్రైమరీ స్కూల్ వయసు స్కౌట్ల గ్రూపులో, సగానికి పైగా మన తెలుగు పిల్లలే, కానీ ప్యాక్‌ని నడిపే కబ్‌మాస్టర్ మాత్రం అచ్చమైన టెక్సస్ పెద్దాయన. ఆయన కొడుకు స్కౌటింగ్‌లో అన్నిటికంటే పై ర్యాంకైన ఈగిల్ స్కౌట్ అయ్యి, ఉద్యోగం వచ్చి, పెళ్లి చేసుకుని వేరే రాష్ట్రానికి వెళ్లిపోయి కూడా చాలా కాలమైంది. అయినా ఈయన మంగళవారం సాయంత్రం అయ్యేసరికి యూనిఫాం వేసుకుని, ట్రక్కు వెనక ప్లాస్టిక్ డబ్బాలు సర్దుకుని స్కూల్ కెఫెటేరియాకి అందరికంటే ముందు వచ్చేస్తారు. నేను ప్యాక్ కమిటీ చైర్‌ని. ఆ పదవి ఎలా వచ్చిందంటే, ఎవరు చేస్తారు అని అడిగినప్పుడు పేరెంట్స్ అందరూ ఫోన్లు చూసుకుంటుంటే నేనొక్కణ్ణి తలెత్తాను, అంతే.

ఒకరోజు మీటింగ్ అయ్యాక కుర్చీలు మడతపెడుతుంటే మా వాళ్లలో ఒకావిడ, "ఇన్నేళ్ల నుంచి చేస్తున్నారు కదండీ, ఈయనకి వీళ్లేమీ ఇవ్వరా?" అన్నారు. కనుక్కుంటానండీ అన్నాను. అక్కడ మొదలైంది.

ఇక్కడ పెద్దవాళ్లకిచ్చే అవార్డులు రెండు రకాలు. ఒకటి మనమే సంపాదించుకునేవి: స్కౌటర్స్ ట్రైనింగ్ అవార్డు, స్కౌటర్స్ కీ లాంటివి. ట్రైనింగ్ పూర్తి చేయాలి, రెండేళ్లో మూడేళ్లో పని చేయాలి, ప్రోగ్రెస్ రికార్డు కాగితం మీద ఒక్కొక్కటీ సంతకం పెట్టించుకోవాలి. రెండో రకం మనం అడిగి తెచ్చుకునేవి కావు, ఇంకొకరు మన పేరు పంపాలి. అందులో మెట్లున్నాయి. మా ప్యాక్ లాంటి ఒక్కో గ్రూపు ఒక యూనిట్, కొన్ని యూనిట్లు కలిస్తే డిస్ట్రిక్ట్, కొన్ని డిస్ట్రిక్ట్‌లు కలిస్తే కౌన్సిల్. డిస్ట్రిక్ట్ స్థాయిలో డిస్ట్రిక్ట్ అవార్డ్ ఆఫ్ మెరిట్, కౌన్సిల్ స్థాయిలో 1931 నుంచి ఇస్తున్న సిల్వర్ బీవర్, దేశం మొత్తానికి చేసిన సేవకైతే 1925లో మొదలైన సిల్వర్ బఫెలో. ఏది వచ్చినా చొక్కా ఎడమ జేబు పైన కుట్టుకునేది చిన్న గుడ్డ ముక్క మీద ఎంబ్రాయిడరీ చేసిన ముడి బొమ్మ. "దీనికోసమా ఇంత హడావుడి?" అని మా ఆవిడ అడిగింది. నిజమే, డబ్బు రాదు, పైగా ఈ వాలంటీర్లు ఏటా రిజిస్ట్రేషన్ ఫీజు సొంతంగా కట్టుకుని, యూనిఫాం కూడా సొంత డబ్బుతో కొనుక్కుని వస్తారు. అలాంటి మనిషికి మనం చేయగలిగింది ఒక ఫారం నింపడమే అయితే, అదీ చేయకపోతే ఎలా?

తెనాలిలో మా హైస్కూల్లో స్కౌట్ మాస్టారు కూడా ఉండేవారు, ఖాకీ నిక్కరు, మెడలో స్కార్ఫు, ఆదివారం కూడా గ్రౌండ్‌లోనే. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో మెడల్ ఆఫ్ మెరిట్, సిల్వర్ స్టార్, సిల్వర్ ఎలిఫెంట్ లాంటివి పెద్దవాళ్ల కోసం ఉన్నాయని నాకు తెలిసింది ఈ ఫారం పుణ్యాన, ఇన్నేళ్లకి. ఆయన పేరు ఎవరైనా పైకి పంపారో లేదో మరి.

సరే, మా పెద్దాయనకి ఏది? ప్యాక్ నడిపినందుకైతే యూనిట్ లీడర్ అవార్డ్ ఆఫ్ మెరిట్ ఉంది, దానికి నిరంతరాయంగా 18 నెలలు ఆ పదవిలో ఉంటే చాలు, కమిటీ చైర్‌గా నేనే పేరు పంపొచ్చు. కానీ ఈయన పని మా ప్యాక్‌తో ఆగేది కాదు. కబ్ స్కౌట్లతో బాణాలు వేయించడం, బీబీ గన్‌లు (చిన్న గుళ్లు పేల్చే ఎయిర్ గన్‌లు) కాల్పించడం ప్యాక్ సొంతంగా చేయకూడదు, డిస్ట్రిక్ట్ లేదా కౌన్సిల్ నడిపే క్యాంపుల్లోనే, అదీ ట్రైనింగ్ ఉన్నవాళ్ల చేతుల మీదుగానే జరగాలి. జూన్ ఎండలో ఆ ఆర్చరీ రేంజ్ దగ్గర ఏటా నిలబడేది ఈయనే, వచ్చేది అన్ని ప్యాక్‌ల పిల్లలూ. అందుకే డిస్ట్రిక్ట్ అవార్డ్ ఆఫ్ మెరిట్‌కే పంపుదామనుకున్నాను. అది 25 యూనిట్లకి ఏడాదికి ఒకటి చొప్పునే ఇస్తారు, తగినవాళ్లు లేరనుకుంటే అసలు ఇవ్వకపోవచ్చు కూడా. ఎవరి పేరు వాళ్లు పంపుకోకూడదు. పేరు పంపిన సంగతి ఆ మనిషికి చెప్పకూడదు, రాకపోతే చిన్నబుచ్చుకుంటారని.

చెప్పకుండా ఎలా? ఫారంలో మెంబర్ నంబర్ అడుగుతారు, ఏ ఏడాది ఏ పదవిలో ఉన్నారో, ఏమేం ట్రైనింగ్‌లు అయ్యాయో, ఇంతకుముందు ఏం అవార్డులు వచ్చాయో అన్నీ అడుగుతారు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెడదామంటే ఆయన కూడా అందులోనే ఉన్నారు. నంబరు, పదవుల వివరాలు కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్లు చూసేవాళ్ల దగ్గర దొరికాయి. పాత అవార్డుల కోసం గ్రూప్ ఫోటో అని చెప్పి ఆయన్ని మధ్యలో నిలబెట్టి, ఇంటికొచ్చాక జేబు పైన ముడుల్ని జూమ్ చేసి చూశాను. ఎరుపు, తెలుపు, నీలం కలిసినది ఈగిల్ స్కౌట్, అంటే చిన్నప్పుడు ఆయన కూడా సాధించారన్నమాట, ఎప్పుడూ చెప్పలేదు. పచ్చది ట్రైనింగ్ అవార్డు, పచ్చా తెలుపూ కలిసినది స్కౌటర్స్ కీ. మిగతావి ఆయన భార్య చెప్పారు. ఫోన్ చేస్తే ముందు కాసేపు నవ్వి, గ్యారేజీలో ఉన్న అట్టపెట్టెలోంచి సర్టిఫికెట్లు తీసి ఫోటోలు పంపారు, ఒకదాని మీద కాఫీ మరక కూడా ఉంది.

అసలు కష్టం ఏం చేశారో రాసే చోట వచ్చింది. పేరెంట్స్‌ని విడివిడిగా అడిగితే అందరూ ప్రేమగానే రాసి పంపారు: చాలా మంచి మనిషి, డెడికేటెడ్, పిల్లలంటే ప్రాణం, గాడ్ బ్లెస్ హిమ్. మనవాళ్లకి సన్మాన పత్రం రాయడం రక్తంలోనే ఉంది కదా. అవన్నీ అతికించి, మునుపు సెలక్షన్ కమిటీలో పని చేసిన ఒక పెద్దావిడకి చూపించాను, ఆవిడ ఆ ఏడాది కమిటీలో లేరు కాబట్టి ఇబ్బంది లేదు. చదివి, "పేరు తీసేస్తే ఇది ఎవరికైనా సరిపోతుంది" అన్నారు. ఎంతో మందికి పనికొచ్చిన ఒకే ఒక్క నిర్ణయమైనా సరే, కొద్దిమంది పిల్లలకి ఏళ్ల తరబడి చేసినదైనా సరే, రెండూ లెక్కలోకి వస్తాయట, కానీ ఏం చేశారో కళ్లకి కట్టాలి అన్నారు.

అప్పుడు మళ్లీ అందరికీ ఫోన్లు. మంచివారని చెప్పకండి, ఒక్క సంఘటన చెప్పండి అని అడిగాను. అప్పుడు వచ్చాయి అసలువి. పక్క ఊరి ప్యాక్‌లో ఒక డెన్, అంటే ప్యాక్ లోపల ఒకే వయసు పిల్లల చిన్న బృందం, మూతపడబోయింది, ఎందుకంటే ఇక్కడ పిల్లలతో ఏం చేసినా కనీసం ఇద్దరు రిజిస్టర్డ్ పెద్దవాళ్లు ఉండి తీరాలి, వాళ్లకి రెండో మనిషి దొరకలేదు. ఆ స్కూల్ సంవత్సరం అంతా ఆ రెండో మనిషిగా వెళ్లి కూర్చుంది ఈయనే. ఈ సంగతి మా ప్యాక్‌లో ఒక్కరికీ తెలియదు.

ఇంకోటి నేను కళ్లారా చూసినదే, అయినా రాయాలని తట్టలేదు. జేబు కత్తి వాడే అర్హత కోసం విట్లింగ్ చిప్ అని ఒక కార్డు ఉంటుంది. ఆయన ముందు అసలు కత్తి ఇవ్వరు, సబ్బు బిళ్లా ప్లాస్టిక్ కత్తీ ఇస్తారు. మూసిన కత్తి పట్టుకున్నట్టు చెయ్యి చాచి చుట్టూ తిరగమంటారు, ఆ వలయంలో ఎవరూ లేకపోతేనే మొదలుపెట్టాలి. మా డెన్‌లో ఒక బాబుకి చేతులు వణుకుతాయి, వాళ్లమ్మ వద్దులెండి అని వెనక్కి తీసుకెళ్లబోయారు. ఈయన నేల మీద వాడి పక్కనే చతికిలబడి, తనూ ఒక సబ్బు తీసుకుని, వాడు ఒక గీత గీస్తే తనూ ఒక గీత, వాడు ఆగితే తనూ ఆగి, మిగతా పిల్లలు పిజ్జాకి వెళ్లిపోయినా సరే లేవలేదు. చివరికి వాడు చేసినది చేపో చెప్పో తెలియలేదు కానీ కార్డు మాత్రం వచ్చింది. అదే ఉన్నదున్నట్టు రాశాను, ఒక్క విశేషణం కూడా లేకుండా.

ఫారం పంపడం కూడా సాఫీగా సాగలేదు. అందులో ఇచ్చిన ఈమెయిల్‌కి పంపితే జవాబు లేదు. రౌండ్‌టేబుల్‌కి, అంటే డిస్ట్రిక్ట్‌లో వాలంటీర్లు కలిసే మీటింగ్‌కి, వెళ్లి ఆరా తీస్తే ఆ మెయిల్ చూసే వ్యక్తి ఎప్పుడో మానేశారని తేలింది, గడువేమో మర్నాడే. కాస్త టెన్షన్ పడి, ప్రింట్ తీసి చేతికే ఇచ్చి, అందినట్టు మెసేజ్ పెట్టించుకున్నాను. మీరూ అలాగే చేయండి.

ఎంపికైనట్టు ముందుగా నాకూ ఆయన భార్యకీ మాత్రమే చెప్పారు. డిన్నర్ ఒక చర్చి హాల్లో, బ్రిస్కెట్, బీన్స్, శాకాహారులకి మాకరోనీ. రెండు టేబుళ్ల నిండా మనవాళ్లే వచ్చేసరికి ఆయనకి అనుమానం రావాల్సింది, రాలేదు, మనవాళ్లు తిండి ఉంటే వస్తారనుకున్నారట. పేరు చెప్పకుండా ముందు ఆ పేరా చదివారు. సబ్బు బిళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన ఫోర్క్ కింద పెట్టి, నావైపు తిరిగి చూశారు. ఫలకం తీసుకుని వచ్చాక, "ఎవరు రాశారో కనుక్కోవడం కష్టమా, ఇన్ని కామాలు ఇంకెవరు పెడతారు" అన్నారు.

ఇప్పుడు మా టైగర్ డెన్ (ఒకటో తరగతి పిల్లల డెన్) నడిపే భీమవరం అక్కయ్య వంతు. డెన్ లీడర్ ట్రైనింగ్ అవార్డు ఎవరికి వాళ్లు సంపాదించుకునే రకం కాబట్టి రహస్యం గొడవ లేదు, కనీసం ఏడాది చేసి ఉండాలి, ఆవిడకి అంతకంటే ఎక్కువే అయింది. ప్రోగ్రెస్ రికార్డు ప్రింట్ తీసి చేతిలో పెడితే, "చూద్దాంలే తమ్ముడూ" అని బ్యాగులో పడేసుకున్నారు. సంతకాలు పెట్టించే బాధ్యత కూడా నాదే అయ్యేలా ఉంది.