రెండు నానోఫ్యారడ్‌లు

పొద్దున ఫస్ట్ షిఫ్ట్‌కి వచ్చీ రాగానే మా మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ (రసాయనాలు కలిపి వేడిచేసే పెద్ద పాత్ర) దగ్గర్నుంచి ఫోన్. దాని చుట్టూ ఉండే జాకెట్‌లో వేడినీళ్లు గంట నుంచీ 62 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్నాయి, లోపలి రసాయనం, అదే మాస్, మాత్రం 54 దాటట్లేదట. "ఏదో తేడాగా ఉంది సారన్నా, ఓసారి చూడు" అన్నాడు ఆపరేటర్. ఈ నెల నుంచి నా ఐడీ కార్డు మీద 'ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీర్' అని పడింది. నిన్నమొన్నటిదాకా అన్నా అని పిలిచినవాళ్లకు ఇప్పుడెలా పిలవాలో తేలక రెండూ కలిపేస్తున్నారు. నాకైతే బాగానే ఉంది.

ప్యానెల్ రూమ్‌లో లూప్ (సెన్సర్ నుంచి ప్యానెల్ దాకా వచ్చే వైరింగ్) విప్పి మల్టీమీటర్ పెట్టాను. అది పీటీ100 సెన్సర్, వేడిని బట్టి దాని రెసిస్టెన్స్ మారుతుంది. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, వంద డిగ్రీల దగ్గర 138.5. దాన్నుంచి మూడు తీగలు వస్తాయి, రెండు ఎర్రవి, ఒకటి తెల్లది. ఎర్ర తీగలు రెండింటి మధ్య కొలిస్తే కేబుల్ రెసిస్టెన్స్ మాత్రమే రావాలి. ప్యానెల్‌లోని ఇన్‌పుట్ కార్డు దాన్ని మొత్తంలోంచి తీసేసి, మిగిలినదాన్ని టెంపరేచర్‌గా చూపిస్తుంది. ఈ లూప్‌లో ఎప్పుడు కొలిచినా ఒక ఓమ్ చిల్లర ఉండేది. ఇవాళ మూడున్నర. అంటే ఎక్కడో ఎర్ర తీగ సరిగ్గా తగలక రెండు ఓమ్‌ల పైన అదనంగా చేరింది, పాపం కార్డు దాన్నీ కేబుల్ లెక్కలో వేసి తీసేస్తోంది. డిగ్రీకి 0.385 ఓమ్ చొప్పున చూస్తే దాదాపు ఆరు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. లోపల మాస్ నిజానికి 60కి దగ్గర్లోనే ఉంది. ముందు వేడి తగ్గించమని చెప్పి, పర్మిట్ రాయించుకుని పైకెక్కాను. సెన్సర్ హెడ్ మూత తిప్పితే, కేబుల్ లోపలికెళ్లే గ్లాండ్ సందులోంచి వాన నీళ్లు దిగి టెర్మినల్ మీద పచ్చగా చిలుము. తీగ కొస కత్తిరించి కొత్త లగ్ వేశాను, గ్లాండ్ మార్చాను. టీ బండి వచ్చేసరికి పని అయిపోయింది.

ఇలాంటివి నాకు కొట్టినపిండి. నా చదువు ఇంటర్ దగ్గరే ఆగింది. జీడిమెట్లలో ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్‌గా చేరి, కాంటాక్టర్లు, రిలేలు, టైమర్ల వైరింగ్ చేసి చేసి చేతికి అలవాటైంది. అందరూ భయపెట్టిన పీఎల్‌సీ (మెషిన్లను నడిపే కంప్యూటర్) మొదటిసారి ముందుకొచ్చినప్పుడు స్క్రీన్ మీద చూస్తే అది రిలే సర్క్యూట్ బొమ్మే. తర్వాత చదివితే తెలిసింది, 1960ల చివర్లో అమెరికాలో కార్ల ఫ్యాక్టరీల కోసం పీఎల్‌సీ తయారుచేసినవాళ్లు ప్లాంట్ ఎలక్ట్రీషియన్లకు కొత్తగా ఏమీ నేర్పాల్సిన పని లేకుండా దాని ప్రోగ్రామ్ రాసే పద్ధతి ల్యాడర్ లాజిక్‌ను కావాలనే అలా పెట్టారట. నాబోటివాళ్లను దృష్టిలో పెట్టుకునే చేశారన్నమాట.

భోజనానికి లేవబోతుంటే క్యూఏ (క్వాలిటీ విభాగం) నుంచి పిలుపు. ఆడిట్ దగ్గరపడుతోంది, నా ట్రైనింగ్ ఫైల్లో క్వాలిఫికేషన్ గడి దగ్గర వాళ్లు ఆగిపోయారు. ఇంజినీర్ అని హోదా ఉంది, ఎదురుగా ఇంటర్ అని ఉంది, ఆడిటర్ అడిగితే ఏం చెప్పాలని వాళ్ల టెన్షన్. క్యూఏలో పెద్దాయన ఒకాయన మాత్రం నింపాదిగా అమెరికా ఎఫ్‌డీఏ నిబంధన తీసి చూపించారు. 21 సీఎఫ్ఆర్ 211.25. చేసే పనికి తగ్గ చదువు, శిక్షణ, అనుభవం ఉండాలి, లేదా వీటిలో కొన్ని కలిసి ఉన్నా చాలు అని అందులో ఉంది. "ఇంటర్ అనే రాయండి, దాచడమెందుకు? అనుభవం మాత్రం వివరంగా రాయండి, ఏ లూప్‌లు, ఏ క్యాలిబ్రేషన్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నీ" అన్నారు. ఆయన మాట నచ్చింది. ఆ గడి చూసినప్పుడల్లా ఏఎంఐఈ గుర్తొస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ రాసే ఆ పరీక్షకు ఒకప్పుడు ఇంజినీరింగ్ డిగ్రీతో సమానమైన గుర్తింపు ఉండేది. 2013 మే 31 లోపు పేరు నమోదు చేసుకున్నవాళ్లకే అది వర్తిస్తుందని తేల్చేశారు. నాకు ఆ ఆలోచన వచ్చింది ఆ తర్వాతే. సరే, ఏం చేస్తాం.

అసలు విషయం మధ్యాహ్నం. హైడ్రోజనేషన్ బ్లాక్‌లో కొత్తగా ఒక ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ (ఒత్తిడి కొలిచి పంపేది) పెడుతున్నాం. హైడ్రోజన్ ఉన్నచోట తీగ తెగినా, షార్టైనా నిప్పురవ్వ పుట్టేంత శక్తి అక్కడికి చేరకూడదు. అందుకే ప్యానెల్‌లోనే బ్యారియర్ పెట్టి కరెంటును, వోల్టేజీని కట్టేస్తాం. మామూలుగా వాడేది 28 వోల్టులు, 93 మిల్లీఆంప్‌లది. ఎన్ని మార్చానో నాకే తెలియదు. అదే రాసి మెటీరియల్ లిస్ట్ పంపబోతుంటే, నిరుడు ట్రైనీగా చేరిన బీటెక్ అమ్మాయి అడిగింది.

"సార్, కేబుల్ కెపాసిటెన్స్ చూశారా?"

"ఎప్పుడూ వాడే బ్యారియరే కదమ్మా?"

"బ్యారియర్ అదే సార్. కేబుల్ రూటే పొడుగు."

కూర్చుని లెక్క కట్టింది. కేబుల్ కూడా కాస్త చార్జ్ దాచుకుంటుంది, అదే కెపాసిటెన్స్, దాన్ని ఫ్యారడ్‌లలో కొలుస్తాం. బ్యారియర్ ఎంత అడ్డుపడినా, తీగలు షార్టైనచోట ఆ దాచుకున్నదంతా ఒక్కసారిగా రవ్వగా బయటికొస్తుంది. హైడ్రోజన్ ఉన్నచోట ఆ బ్యారియర్‌కి పరిమితి 83 నానోఫ్యారడ్‌లు. కేబుల్ వివరాలు తెలియనప్పుడు ఇలాంటి చోట్ల వైరింగ్‌కి ఉన్న స్టాండర్డ్ మీటరుకి 200 పికోఫ్యారడ్‌లు అనుకోమంటుంది. మా రూటు 350 మీటర్లు, అంటే 70 నానోఫ్యారడ్‌లు. ట్రాన్స్‌మిటర్‌ది 15. మొత్తం 85. రెండు ఎక్కువ.

బ్యారియర్ పెట్టి కరెంటిస్తే లూప్ చక్కగా పనిచేసేది. సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీఆంప్‌లు, ఎక్కడా వంక ఉండేది కాదు. నన్ను ఆలోచనలో పడేసింది అదే. నాకొచ్చినదంతా చెడిపోయినవి బాగుచేస్తూ వచ్చింది. పొద్దున చిలుము పట్టిన టెర్మినల్‌లాంటివి వందసార్లు ఎదురైతే నూటొకటోసారి ఫోన్‌లోనే చెప్పేస్తాను. కానీ ఇది చెడదు. చెడితే, తర్వాత నేర్చుకోవడానికి మనం ఉండం. పోనీ ఇవన్నీ కాలేజీలో చెప్తారు కాబోలు అనుకుని అడిగితే, "మాకెక్కడ చెప్పారు సార్, ఇక్కడికొచ్చాకే చదివా" అంది. ఆ అమ్మాయికి ఏ పని ఇచ్చినా ముందు స్టాండర్డ్ తెరుస్తుంది. నేను ముందు స్క్రూడ్రైవర్ తీస్తాను. నాలుగేళ్లు పరీక్షలు రాస్తే వచ్చే అలవాటేమో అది. సర్టిఫికెట్ సంగతి అటుంచితే, ఆ అలవాటు మీద మాత్రం నాకు కొంచెం కుళ్లుగానే ఉంది.

ఆ స్టాండర్డ్, ఐఈసీ 60079-14, పీడీఎఫ్ ఫోన్‌లో వేయించుకున్నాను. బస్సులో రెండు పేజీలు కూడా నడవలేదు, ఇంగ్లిష్ కంటే ఆ క్లాజుల నంబర్లే తికమక. రేపటి నుంచి టీ టైమ్‌లో పక్కన కూర్చుని చెప్పమన్నాను. బదులుగా తనకు లగ్ క్రింపింగ్, గ్లాండింగ్ నేర్పాలట. ఒప్పందం బాగానే ఉంది.

బ్యారియర్ సంగతి ఇంకా తేలలేదు. 200 అన్నది వివరాలు తెలియనప్పుడు వేసుకునే లెక్క. మన డ్రమ్ములో ఉన్న కేబుల్‌ది 190 అని తేలినా గట్టెక్కుతాం, కాకపోతే అది కాగితం మీద ఉండాలి. చివరికి కేబుల్‌ని కూడా సర్టిఫికెట్ అడగాల్సి వచ్చింది. స్టోర్స్‌కి ఫోన్ చేస్తే డ్రమ్ముతో వచ్చిన టెస్ట్ రిపోర్ట్ పాత ఫైళ్లలో ఎక్కడో ఉంటుంది, పొద్దున వెతికిస్తానన్నాడు. దొరక్కపోతే రూటైనా తగ్గించాలి, తక్కువ వోల్టేజీ బ్యారియరైనా చూడాలి. మెటీరియల్ లిస్ట్ అందాకా నా టేబుల్ మీదే ఉంటుంది.