బోరు నీళ్లతో నాచు మాస్క్ కలిపితే గడ్డలే

ముఖానికి పూసి, బిగిశాక పొరలా ఒలిచేసే పీల్-ఆఫ్ మాస్క్ పొడి గిన్నెలోనే గడ్డ కడుతోందా? తప్పు పొడిది కాకపోవచ్చు. అందులోది సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్, కాల్షియం తగిలితే బిగుసుకుంటుంది. పొడిలో ఎలాగూ కాల్షియం కలిపే ఉంటుంది. దానికి, కాల్షియం ఎక్కువుండి బకెట్లకు తెల్లపొర కట్టే మన నల్లగొండ బోరు నీళ్లు తోడైతే ఇంకేముంది! మే నెలలో ట్యాంకు నీళ్లు కాగుతుంటాయి, ఆ వేడికి మరీ తొందర.

30 గ్రాముల పొడికి సుమారు 90 మి.లీ. చల్లటి ఫిల్టర్ నీళ్లు ఒకేసారి పోసి, నిమిషంలోపు కలిపి మందంగా పూయండి. అంచులు పలచబడితే ఎండి చిరుగుతాయి. కనుబొమ్మలకు ముందే వాజిలిన్ రాయాలి, లేకుంటే వెంట్రుకలూ ఊడొస్తాయి. మిగిలింది సింకులో పోయొద్దు, పైపు పూడుతుంది.

చేపలు పడనివాళ్లు మెరైన్ కొల్లాజెన్ ఉన్న ప్యాకెట్ జోలికి పోవద్దు. అది ఎక్కువగా చేప చర్మం, పొలుసుల నుంచే తీస్తారు.