విడిదింట్లో పంచే కాగితం

అక్క కూతురి పెళ్ళి పనుల్లో నా వాటాకు వచ్చింది ఒకే ఒక కాగితం. మగపెళ్ళివారు ముందురోజు ఉదయానికే బందరు చేరుకుంటారు కాబట్టి, ఎదురుకోలు దాకా వాళ్ళకు పొద్దుపోవడానికి ఊళ్ళో చూడవలసిన చోట్లన్నీ ఒక పేజీలో రాసి ఇమ్మని అక్క అడిగింది. కుదురుగా కూర్చుని, అనవసరమైన మాట ఒక్కటీ లేకుండా రాసి ఇచ్చాను. ఈ రోజు మధ్యాహ్నం అది బావగారి చేతిలో పడి మూడు పంక్తులై తిరిగి వచ్చింది. మంగినపూడి బీచ్, చిలకలపూడి పాండురంగస్వామి గుడి, బందరు లడ్డు. ఒక్కొక్కదాని పక్కన ఎంతసేపు గడపాలో కూడా వేశారు. అందులో లడ్డుకు పావుగంట.

"మరదలా, నువ్వు రాసింది విడిది కాగితమా, పరీక్ష పేపరా?" అని ఆయన నలుగురిలో నవ్వారు, అక్కా నవ్వింది. నేను మాత్రం వంటింట్లోకి వెళ్ళి అవసరం లేని గిన్నెలు కడిగాను.

ఆయన కొట్టివేసినవాటిలో మొదటిది కోట. తొలి పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు ఈ ఊరే. డచ్చివారు 1605లో వచ్చి ఇక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు, 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ వచ్చింది, తరువాత ఫ్రెంచివారు. 1750లో ఫ్రెంచివారి చేతికి చిక్కిన కోటను 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కంపెనీ కల్నల్ ఫోర్డు రాత్రివేళ బురద దాటించి సైన్యాన్ని నడిపించి పట్టుకున్నాడు. ఆ రాత్రితోనే ఉత్తర సర్కారులు అనే కోస్తా జిల్లాల మీద ఫ్రెంచివారి ఆశ వదులుకున్నట్టయింది. ఇంత కథను నేను కాగితంలో రెండు వాక్యాల్లో ముగించాను. "అక్కడ ఇప్పుడు ఏముంది, నాలుగు గోడలు తప్ప?" అన్నారు బావగారు. నాలుగు గోడలే ఉన్నాయి, నేనూ కాదనను. అయినా ఆ గోడలకు అరగంట ఇస్తే లడ్డు చల్లారిపోతుందా?

రెండోది పట్టాభి సీతారామయ్యగారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే కొట్టివేసినవాడు మరెవరో అయితే తెలియకచేశాడనుకోవచ్చు. బావగారు ఉద్యోగజీవితమంతా ఆంధ్రా బ్యాంకులో గడిపి, అక్కడే పదవీ విరమణ చేసిన మనిషి. ఆ బ్యాంకు 1923 నవంబరులో ఈ ఊళ్ళోనే, పట్టాభిగారి పూనికతోనే పుట్టింది. 2020 ఏప్రిల్ ఒకటిన అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు ఈయనే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా పడకకుర్చీలో కూర్చున్నారని అక్క ఫోను చేసి చెప్పింది. అటువంటి మనిషి, పెళ్ళివారికి ఆ మాట చెప్పడం బోరు కొట్టిస్తుందని నిర్ణయించారు. కోపల్లె హనుమంతరావుగారు ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రాణం పోసిన సంగతీ, 1902లో మొదలైన కృష్ణాపత్రికను ముట్నూరి కృష్ణారావుగారు దశాబ్దాల పాటు నడిపిన సంగతీ, జాతీయ పతాకాన్ని రూపొందించిన పింగళి వెంకయ్యగారు ఈ పక్కనే ఉన్న భట్లపెనుమర్రులో పుట్టిన సంగతీ అదే గీత కింద పోయాయి.

దానికి బదులు ఆయన ఒక బొమ్మ పెట్టారు. ఎక్కడి నుంచి తీసుకున్నారో గాని, మంగినపూడి పేరు కింద పసిడి రంగు ఇసుక తిన్నెలు, కొబ్బరిచెట్లు, నీలిరంగు కెరటాలు ఉన్నాయి. మంగినపూడి నేల నల్లటి ఒండ్రు అని, నీళ్ళలోకి చాలా దూరం నడిచినా మోకాలు దాటదని, బయటికి వచ్చాక కాళ్ళకు అంటిన బురద కడుక్కోవడమే పెద్ద పని అని చిన్నప్పుడు కార్తీకపౌర్ణమికి ఇక్కడ స్నానం చేసిన ఆయనకు తెలియదా? పట్టుచీరలతో అక్కడ దిగబోయే వియ్యపురాలిని తలచుకుంటే నాకు కొంచెం తృప్తి కలిగిన మాట నిజం. చిలకలపూడి రోల్డుగోల్డు నగల దుకాణాలను మాత్రం ఎవరూ చెప్పకుండానే ఆయన గుడి పంక్తిలో ఇరికించారు. అది అక్క పని అని నా అనుమానం.

ఇదంతా ఓర్చుకోగలిగేదాన్నేమో. అసలు గుచ్చుకున్నది డచ్చివారి సమాధుల విషయం. ఆ పంక్తిని కొట్టించింది బావగారు కాదు, పెద్దమ్మ.

"ఏమేవ్, శుభమా అంటూ పెళ్ళికి వచ్చినవాళ్ళని సమాధుల దగ్గరికి పంపుతావా? బుద్ధుందా నీకు?" అంది పెద్దమ్మ, మంచం మీద నుంచి లేవకుండానే. ఆ మాటతో విషయం తేలిపోయింది, ఎందుకంటే మా ఇంట్లో పెద్దమ్మ మాట మీద మాట లేదు. పదిహేడో శతాబ్దపు రాళ్ళు, వాటి మీద వంశచిహ్నాలు, ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు, మూడు వందల ఏళ్ళు దాటినా చదవగలిగేటంత స్పష్టంగా ఉన్న పేర్లు. పురావస్తుశాఖ రక్షణలో ఉన్న చోటు అది. అందులో అశుభమేముందని నేను గొణుక్కున్నాను. సాయంత్రం దాకా గొణుగుతూనే ఉన్నాను. ఇక్కడ కూర్చున్నదే ఆ గొణుగుడు తీర్చుకోవడానికి.

అయితే రాస్తూ ఉంటే పెద్దమ్మ ముఖం వేరే రోజుది గుర్తుకు వస్తోంది.

1977 నవంబరు 19, శనివారం. నాకు ఊహ తెలిసిన వయసే. సాయంత్రానికి గాలి హోరు మాట వినిపించనంతగా పెరిగింది. నాన్న, పెదనాన్న కలిసి వీధితలుపుకు బల్ల అడ్డం పెట్టి, దాని మీద బియ్యం బస్తా వేసి, దానికి వీపులు ఆనించి కూర్చున్నారు. వంటింటి పెంకులు ఒకటొకటిగా లేచిపోతున్న చప్పుడు లెక్కపెట్టి, అవి ఎన్ని మిగిలాయో అమ్మ పైకి చెబుతూ ఉంది. లాంతరు రెండుసార్లు ఆరిపోయింది. పిల్లలమందరం మంచం కింద ఉన్నాము, అదొక ఆటలాగే అనిపించింది మాకు. పెద్దమ్మ మాత్రం మంచం మీద నిటారుగా కూర్చుని, గాలి ఎటు నుంచి వస్తోందని నిమిషానికి ఒకసారి పెదనాన్నను అడుగుతూ ఉంది. ఎందుకు అడుగుతోందో మాకు తెలియదు. ఆమె పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దాటి సముద్రం వైపు.

తెల్లవారాక వీధిలో చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. పెద్దమ్మ చెంబుతో నీళ్ళైనా ముట్టకుండా చల్లపల్లి వైపు నుంచి బస్సులు వచ్చే చోటికి వెళ్ళి నిలబడింది. బస్సు రాలేదు. మరునాడూ వెళ్ళింది. నన్ను తోడు తీసుకువెళ్ళింది గాని, దారి పొడుగునా నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఉప్పెన వచ్చిందనీ, ఊళ్ళకు ఊళ్ళే లేవనీ నడిచివచ్చినవాళ్ళు చెబుతున్నారు. ఒకరు చెప్పింది మరొకరు కాదంటున్నారు. అలా ఎన్నాళ్ళు వెళ్ళిందో నాకు జ్ఞాపకం లేదు. చివరికి ఆమె తమ్ముడు, నేను శేషు మామయ్య అని పిలిచే ఆయన, ఎవరిదో చొక్కా తొడుక్కుని, చెప్పులు లేకుండా నడుచుకుంటూ వచ్చాడు. తాటిచెట్టు పట్టుకుని బతికానన్నాడు. తన అమ్మ ఏదని పెద్దమ్మ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇద్దరూ ఇంటికి వచ్చాక, అమ్మ అన్నం పెట్టాక, విస్తరి ముందు కూర్చుని ఆయన ఏడిచాడు. వాళ్ళ అమ్మ దొరకలేదు. దొరకని మనిషికి ఏ రోజున తద్దినం పెట్టాలో పురోహితుణ్ణి అడిగి నిర్ణయించుకున్నారని పెద్దయ్యాక తెలిసింది.

ఆ ఉప్పెనలో పోయినవారు ప్రభుత్వ లెక్కలోనే సుమారు 10 వేల మంది. అంతకు 113 ఏళ్ళ ముందు, 1864 నవంబరు ఒకటి రాత్రి, సముద్రం బందరునే ముంచెత్తింది. ఆ ఒక్క రాత్రిలో పోయినవారు సుమారు 30 వేల మందని చెబుతారు. అసలే రేవులో మేట వేసి, పెద్ద ఓడలు ఒడ్డుకు మైళ్ళ దూరంలో లంగరు వేయవలసి వస్తున్న ఊరు, ఆ దెబ్బ తరువాత మళ్ళీ పాత వైభవానికి రాలేదు. ఆ 30 వేల మందిలో ఎక్కువమంది పేర్లు ఏ రాతి మీదా లేవు. సరుకు కొనడానికి వచ్చి జ్వరంతోనో మరి దేనితోనో ఇక్కడ పోయిన డచ్చి వర్తకుల పేర్లు మాత్రం ఇంకా చదవవచ్చు.

కాబట్టి పెద్దమ్మ మాటను నేను తప్పుగా విన్నానని ఇప్పుడు అనుకుంటున్నాను. అశుభమని ఆమె అన్నది గాని, అసలు కారణం అది కాకపోవచ్చు. తన తల్లికి లేని రాయిని, ఎవరో పరాయివాళ్ళకు ఉందని పెళ్ళివారికి వేడుకగా చూపించడం ఆమెకు రుచించలేదేమో. అడగను. అడిగితే "చాల్లే, పడుకో" అంటుంది. సముద్రస్నానానికి ఊరంతా కదిలే కార్తీకపౌర్ణమి నాడు ఆమె ఒక్కతే ఇంట్లో ఉండిపోతుంది.

సమాధులు కాగితం నుంచి పోనివ్వండి. అలా అనుకున్న తరువాత కోట మీదా పట్టుదల కొంత తగ్గింది. ఈ ఊరు గొప్పదైనది ఇక్కడ నిలబెట్టినవాటి వల్ల కాదు, ఇక్కడి నుంచి బయటికి పంపినవాటి వల్ల. పర్షియాకు, ఐరోపాకు ఇక్కడి అద్దకం బట్టలు వెళ్ళాయి. వాటి ధాటికి తట్టుకోలేక 1686లో ఫ్రాన్సు, 1700లోనూ 1721లోనూ ఇంగ్లండు చట్టాలు చేసి మరీ భారతదేశపు అద్దకాలను అడ్డుకోవలసి వచ్చింది. బ్యాంకు దేశమంతా పాకింది, పత్రిక ఆంధ్రదేశమంతా తిరిగింది. వెళ్ళిపోయినవాటిని చూపించమంటే ఏం చూపిస్తాము? ఈ లెక్కన బావగారిదే నిజం కావాలి.

కాని బావగారిది నిజం కాదు, ఎందుకంటే ఒకటి మిగిలింది. పెడన. ఆ కలంకారీ అద్దకం ఇప్పటికీ సాగుతున్న ఊరు, ఇక్కడికి పది కిలోమీటర్లు. మగపెళ్ళివారిని పొద్దున్నే అక్కడికి పంపితే చాలు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన బట్టను బల్ల మీద పరచి, టేకు అచ్చులతో ఒక్కొక్క దెబ్బే వేసుకుంటూ పోతారు. నలుపుకు బెల్లం నీళ్ళలో తుప్పుపట్టిన ఇనుము ఊరవేసిన కషాయం, ఎరుపుకు పటిక. పటిక అద్దిన చోట మొదట రంగే కనిపించదు. తరువాత రాగి కాగులో ఉడికించినప్పుడు ఎరుపు బయటపడుతుంది. పారే కాలువ నీళ్ళలో ఉతికి, ఎండలో పరుస్తారు. సుల్తానుల కాలంలో ఓడలెక్కిన బట్ట ఏమిటో చేతితో పట్టుకుని చూడవచ్చు, కావాలంటే కొనుక్కోవచ్చు. కొనడం అనేసరికి అక్క ఒప్పుకుంటుంది, అక్క ఒప్పుకుంటే బావగారికి మరో దారి లేదు.

లడ్డు ఉండనీయండి, దాన్ని నేనూ కాదనను. శనగపిండి పూస వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి వేస్తూ మళ్ళీ దంచి కట్టే ఆ తొక్కుడు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పావుగంట తక్కువని మాత్రం చెబుతాను, దంచడం చూడడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. బీచ్ బొమ్మ తీసివేసి "నల్లటి నేల, పాత చెప్పులు వేసుకోండి" అని రాస్తాను. పట్టాభిగారికి ఒక్క వాక్యం, అది బావగారి చేతనే రాయిస్తాను.

కొత్త కాగితం అక్కకు ఇప్పుడే పంపించాను. జవాబు బావగారి నుంచి వచ్చింది. పెడన వెళ్ళినవాళ్ళు పన్నెండు గంటలలోపు తిరిగిరాకపోతే భోజనాల పంక్తి చెడిపోతుందట, వంటవాళ్ళకు ఆయన ఏం చెప్పాలట.