పెంపుడుదా, వీధిదా? – పిల్లిని తెచ్చుకుని నేను పడ్డ పాట్లు

రేబిస్ టీకా నాలుగో ఇంజెక్షన్ నిన్నటితో అయిపోయింది. రెండు భుజాలూ ఇంకా దురద పెడుతున్నాయి. కోపం చల్లారాక రాస్తే మంచిదాన్నయిపోయి ఎవరినీ ఏమీ అనలేను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మా కింది వాటాలో అద్దెకున్నవాళ్లు మే నెలలో ఖాళీ చేశారు. ఫ్రిజ్, బీరువా, చివరికి ఎండిపోయిన తులసి కుండీ కూడా లారీ ఎక్కించారు కానీ పిల్లిని మాత్రం వదిలేశారు. చారల పిల్లి, ఆరేడు నెలలది ఉంటుంది. వారం రోజులు ఆ తాళం వేసిన తలుపు ముందే కూర్చుంది. కొత్తవాళ్లు వచ్చి చెంబుడు నీళ్లు కొట్టి తరిమితే మెట్ల కింద మోటారు పక్కన చేరింది. తిండి పెట్టడం పెద్ద కష్టం కాలేదు. పాలు పోస్తే విరేచనాలు పట్టుకున్నాయి (పిల్లులు పాలు తాగి బతుకుతాయని మనం కథల్లో చదువుకున్నాం కానీ, చాలా పిల్లులకు పెద్దయ్యాక పాలు అరగవు), అందుకని ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చేప, అన్నంలో కలిపి పెట్టాను. నెల రోజుల్లో నా స్కూటీ చప్పుడు గుర్తుపట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు చూశాను దాని మెడ. చిన్నప్పుడెప్పుడో ముద్దొచ్చి నైలాన్ తాడుతో చిన్న గంట కట్టారు. పిల్లి పెరిగింది, తాడు పెరగలేదు. బొచ్చు పక్కకు తీసి చూస్తే తాడు కనిపించడంలేదు, చర్మంలోకి దిగిపోయి చుట్టూ చీము పట్టింది, ఒక పక్క గంట మాత్రం బయటికి వేలాడుతోంది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని సామెత చెబుతాం కదా, కట్టేవాళ్లకేం కొదవలేదు, విప్పేవాళ్లే లేరు.

నేను ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో బయాలజీ చెబుతున్నాను. ఈ ముక్క గర్వంగానే చెబుతున్నాను, కాసేపట్లో ఇదే నా పరువు తీయబోతోంది. గోళ్లు తీసుకునే కత్తెర పట్టుకుని, ఎడమ చేత్తో దాన్ని ఒడిసిపట్టి, తాడు కత్తిరించబోయాను. ఆ తాడు కొంచెం లాగినట్టుంది. కళ్లు మూసి తెరిచేలోగా నా చూపుడువేలు దాని నోట్లో ఉంది. రెండు గాట్లు, ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క, సూదితో పొడిచినంత చిన్నవి. రక్తం వచ్చింది. అత్తయ్య పరిగెత్తుకొచ్చి వంటింట్లోంచి పసుపు తెచ్చి అద్దేశారు. నేను అద్దించుకున్నాను! కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పే మనిషిని, వేలు పట్టుకుని "అబ్బా అత్తయ్యా" అంటూ కూర్చున్నాను.

మర్నాడు ఉదయం ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. మా ఆయన ప్రైవేటుకి వెళ్దామన్నారు, నేనే వద్దన్నాను, టీకా అక్కడ ఉచితం, మందూ తేడా ఉండదు. అది నిజమే. తేడా క్యూలో ఉంటుంది.

ఓపీ చీటీకి అరగంట పట్టింది. అక్కడినుంచి పంపిన గది మీద "కుక్కకాటు" అని బోర్డు. ముప్పై మంది దాకా ఉన్నారు, సగం మంది పిల్లలు. నా వంతు వచ్చింది. రిజిస్టరు ముందు కూర్చున్నతను తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏం కరిచింది?"

"పిల్లి."

అప్పుడు తల ఎత్తాడు. "ఇది కుక్కకాటు క్యూ అమ్మా."

"పిల్లి కరిచినా ఇదే టీకా అండి."

"సర్లే. పెంపుడుదా, వీధిదా?"

చూడ్డానికి ఎంత చిన్న ప్రశ్న. నాకు నోట మాట రాలేదు. నెల రోజులుగా తిండి పెడుతున్నాను, ఇంట్లోకి మాత్రం రానివ్వలేదు. "అది కింది వాటావాళ్లు వదిలేసి వెళ్లిన పిల్లి అండి" అన్నాను. "అయితే వీధిది." "అలాగని కాదు, తిండి మేమే పెడుతున్నాం." "అయితే పెంపుడుది. టీకాలేమైనా వేయించారా?" "లేదండి, మాది కాదు కదా." అతను పెన్ను కింద పెట్టేశాడు. "మీది కానప్పుడు దాని మెడ మీకెందుకమ్మా?"

వెనకాల ఎవరో ఆడమనిషి, "టీచరమ్మగారూ, మా వాడి పిక్క పీకేసింది, మీ పిల్లి సంగతి తొందరగా తేల్చండి" అంది. అందరూ నవ్వారు. టీచరమ్మ అని ఎలా తెలిసిందా అని వెనక్కి తిరిగితే ఆవిడ పక్కన నిక్కరు పైకి లాగి నిలబడ్డ కుర్రాడు మా స్కూల్ ఆరో తరగతి. "నమస్తే మేడమ్" అన్నాడు. రిజిస్టరులో ఆ గడిలో అతను ఒక గీత గీసి వదిలేశాడు. పెంపుడూ కాదు, వీధీ కాదు.

లోపల నర్సు వేలు చూసి, "పసుపెవరు పెట్టమన్నారు?" అని గట్టిగా అడిగింది. ఏం చేస్తుంటారని అడిగింది. ఏ సబ్జెక్టు అని కూడా అడిగింది. నేను మెల్లగా చెప్పాను, ఆవిడ మెల్లగా వినలేదు. "బయాలజీ టీచరంట, పసుపు పెట్టుకొచ్చింది!" అని పక్క నర్సుకు చెప్పింది. పళ్లు దిగి రక్తం వచ్చింది కాబట్టి టీకా ఒక్కటే సరిపోదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల మందు) కూడా పొడవాలి, దాని మోతాదు మనిషి బరువును బట్టి ఉంటుంది. ఇవన్నీ సరైన మాటలే. కానీ బరువు మిషన్ వరండాలో పెట్టారు. ఎక్కాను. వార్డుబాయ్ అక్కడినుంచే గదిలోకి కేకేశాడు: "డెబ్భై ఆరు!" క్యూ మొత్తానికి ఇప్పుడు నా ఉద్యోగం, నా పసుపు, నా బరువు తెలుసు. ఆ తర్వాత వేలి కొసన ఆ సూది గుచ్చినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి, నొప్పికేనని అందరూ అనుకున్నారు, అదొక్కటే నాకు దక్కిన మర్యాద.

ఇక్కడ ఆగి ఒకటి చెప్పాలి. అత్తయ్య "బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడుస్తారటగా" అని నన్ను రాత్రంతా హడలగొట్టారు. ఆవిడ కాలంలో నిజంగానే అలా పొడిచేవారు, గొర్రె మెదడు నుంచి తయారుచేసే పాత టీకా అది, మన దేశంలో దాని వాడకం ఎప్పుడో ఆగిపోయింది. నాకు వేసిన లెక్క ఇది: మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, ప్రతిసారీ రెండు భుజాల చర్మంలోకి చెరొక చిన్న పోటు. దోమ కుట్టినంతే. దీనికి భయపడి మానేసేవాళ్లు ఉన్నారు, చిన్న గీతే కదా అని ఊరుకునేవాళ్లు ఉన్నారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు. 1885లో పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్‌కు మొదటిసారి టీకా వేయించిన కథ నేనే క్లాసులో ఒక పీరియడంతా చెబుతాను. అందుకే అవమానమైనా నాలుగుసార్లూ వెళ్లాను. మూడో రోజు ఆదివారం పడింది, ఆ గదికి తాళం, క్యాజువాలిటీకి వెళ్లమన్నారు, అక్కడివాళ్లు రేపు రమ్మన్నారు, నేను కదలనని బెంచీ మీద కూర్చున్నాను, గంటకు వేశారు. మీకూ అలాంటి రోజు పడితే కూర్చోండి. లేచారంటే పని కాదు.

ఏడో రోజుకల్లా అక్కడ నా పేరు "పిల్లి మేడమ్". స్కూల్లో సంగతి సరే సరి. తొమ్మిది బి లో నేను బోర్డు వైపు తిరగగానే చివరి బెంచీలోంచి "మ్యావ్". ఎవడో నాకు తెలుసు, యూనిట్ టెస్టులో చూసుకుంటాను.

మొదటి రోజే డాక్టరు ఇంకో మాట చెప్పారు, అసలు ఆ ఆసుపత్రిలో నాతో మనిషిలా మాట్లాడింది ఆయనొక్కరే. పిల్లిని పది రోజులు కనిపెట్టి చూడాలట. అది పది రోజులూ తిని, తిరిగి, ఆరోగ్యంగా ఉంటే కరిచిన రోజున దాని లాలాజలంలో రేబిస్ లేనట్టే లెక్క. "కనపడకుండా పోతే?" అన్నాను. "పోనివ్వకండి" అన్నారు. పిల్లిని ఇంట్లోకి తెచ్చింది నా జాలి గుణమని ఇప్పుడు బంధువులు పొగుడుతున్నారు, నేనూ కాదనడంలేదు, కానీ నిజానికి తెచ్చింది ఈ పది రోజుల లెక్క. మా ఆయన కూడా "పది రోజులేగా" అన్నారు. వెనక బాత్రూమ్ ఖాళీ చేసి, ఒక టబ్బులో ఇసుక పోసి పెట్టాం.

మెడ సంగతి మాత్రం ఆగదు కదా, మర్నాడే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పంజరంలాంటి బుట్ట కొందామంటే రెండు వేలు చెప్పాడు పెట్ షాపువాడు, పైగా పేలకని కుక్కల మందు అంటగట్టబోయాడు. కుక్కలకు వేసే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లులకు విషం. అలాగే గాయానికి డెట్టాల్ రాయకండి, జ్వరమని పారాసెటమాల్ వేయకండి, ఒక్క బిళ్లతో పిల్లి చచ్చిపోగలదు. అటక మీది వెదురు గంప దించి, తువ్వాలు పరిచి, పైన పీట పెట్టి తాడుతో కట్టాం. అత్తయ్య తద్దినం నాడు పిల్లిని గంప కింద మూసిన ఇంటి కథ ఎత్తుకుని ఆటోలో దారంతా నవ్వుతూనే ఉన్నారు. డ్రైవరు "కోడా అమ్మా?" అన్నాడు. అవునన్నాను, పిల్లంటే ఎదురొచ్చిందని దింపేసేవాడేమో.

క్లినిక్‌లో పని చకచకా అయింది. మత్తిచ్చి, బొచ్చు గొరిగి, డాక్టరమ్మ చిన్న కత్తెరతో తాడు ముక్కలు ముక్కలుగా తీసింది. ఒక చోట చర్మం తాడు మీదుగా కలిసిపోయి ఉంది, అక్కడ కోయాల్సి వచ్చింది. బరువు కిలో తొమ్మిది వందలు (దాన్నీ తూచారు, ఎవరూ కేకలు వేయలేదు). ఆడపిల్లి. కార్డు మీద రాయడానికి పేరు అడిగితే నేను తడబడుతున్నాను, వెనకనుంచి అత్తయ్య "గంటాలు" అన్నారు. ఆ గంట తెచ్చి చింతపండు పెట్టి తోమారు కూడా, ఇత్తడిదట, పారేయడమెందుకన్నారు.

ఆ తర్వాత అంతా సాఫీగానే సాగింది. నులిపురుగుల మందు రెండుసార్లు, మెడ మానాక ట్రైక్యాట్ టీకా (పిల్లులకొచ్చే మూడు జబ్బులకు కలిపి వేసేది), పది రోజుల గడువు దాటి అది బాగుందని తేలాక దానికీ రేబిస్ టీకా. ఒక్క సలహా: బిళ్ల మింగించే పని మొదటి నెలలో మీరు చేయకండి, డబ్బిచ్చి వాళ్లతోనే చేయించండి. నా వేలికి ఇంకా సరిగ్గా స్పర్శ రాలేదు. ఇక పది రోజులు దాటిన రోజు బాత్రూమ్ తలుపు తీసి పెట్టాను, వెళ్లాలనుకుంటే వెళ్తుందని. అది హాల్లోకి వచ్చి, మా ఆయన కుర్చీ కింద పడుకుంది. ఆయన పేపరు మడిచి కాళ్లు పైకి పెట్టుకున్నారు. అంతే, ఎవరూ ఏమీ అనలేదు.

నిన్న 28వ రోజు. అదే మనిషి, అదే రిజిస్టరు. కార్డు చూసి "పిల్లి ఉందా, పోయిందా?" అన్నాడు. ఉందన్నాను. "ఎక్కడ?" "మా ఇంట్లో." గీత గీసిన గడిలో ఏదో రాశాడు. ఏం రాశాడో వంగి చూద్దామనుకునేలోపే వార్డుబాయ్ "పిల్లి మేడమ్, చొక్కా చెయ్యి ఎత్తండి" అని పిలిచాడు. నేను కట్టుకున్నది చీర, చొక్కా కాదు. అతనికి అది కూడా చూసే తీరిక లేదు.

వచ్చే శుక్రవారం గంటాలుకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆడపిల్లులు ఆరు నెలలు నిండకుండానే ఎదకొచ్చేయొచ్చు, రెండు నెలలకు కాస్త పైగా మోసి ఈనేస్తాయి, మెట్ల కింద ఇంకో నాలుగు కూర్చుంటే నేను మళ్లీ ఆ క్యూలో నిలబడలేను. అయిదు వేలన్నారు, నాలుగున్నరకి ఒప్పించాను. ముందు రోజు రాత్రి పది దాటాక తిండి పెట్టొద్దన్నారు. అత్తయ్యకు రెండుసార్లు చెప్పాను. "నేనెందుకు పెడతాను, నాకేం పట్టింది దాంతో" అన్నారు. ఇందాక ఫ్రిజ్ తెరిస్తే పెరుగు గిన్నె వెనక స్టీలు డబ్బాలో చేప తలకాయలు కనిపించాయి, మా ఇంట్లో వాటిని ఎవరూ తినరు.