రాత్రి గూటి దగ్గర

పదకొండున్నర అయింది. ఇప్పుడే పెరట్లోకి వెళ్లి వచ్చాను. టార్చి వెయ్యకుండా గూటి పక్కన నిలబడి విన్నాను. పగటి గోలలో తెలియదు గానీ, రాత్రి కోళ్లన్నీ సద్దుమణిగాక ఏది చీదుతోందో, దేనికి గొంతులో గురగురమంటోందో బాగా తెలుస్తుంది. నిన్న నాలుగు. ఈ రాత్రి ఆరు. తెల్లటి సేతువ పుంజు కూడా మొదలెట్టింది.

ఉన్నవే పదకొండు. కొత్త పెట్టల్లో ఒకదానికి ముఖం ఒక పక్కంతా వాచి కన్ను మూసుకుపోయింది. ముక్కులోంచి కారింది ఎండి గట్టిపడుతోంది. గోరువెచ్చని ఉప్పునీళ్లలో దూది ముంచి పూటపూటా తుడుస్తున్నాను. ఆ కుళ్లు వాసన ఎంత సబ్బుతో కడిగినా చేతుల్ని వదలడం లేదు. మధ్యాహ్నం అన్నం సగంలో లేచిపోయాను.

నా కోపమంతా మా మరిది మీద. ఆ రెండు పెట్టల్నీ సంతలో కొన్నది తనే. తెచ్చినవాడు నన్ను పిలవొచ్చు కదా! నేను వంటింట్లో ఉండగానే తిన్నగా తీసుకెళ్లి మా కోళ్లలో వదిలేశాడు. కొత్త కోడి వస్తే మూడు నాలుగు వారాలు దూరంగా వేరే గంప కింద ఉంచాలని, నీళ్ల గిన్నె కూడా వేరుగా పెట్టాలని, ముందు మన కోళ్లకు మేత వేసి ఆ తర్వాతే వాటి దగ్గరికి వెళ్లాలని ఈ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "నాటుకోళ్లు గట్టివి వదినా, వాటికేం కాదు" అన్నాడు. అత్తయ్య కూడా అదే పాట. ఆ రోజే పట్టుబట్టి వాటిని విడదీయాల్సింది. అప్పటికే అన్నీ ఒకే గిన్నెలో నీళ్లు తాగేశాయి, ఇంకేం లాభంలే అని ఊరుకున్నాను.

ఈ సాయంత్రం ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసా? "ముక్కులు శుభ్రంగా తుడిచి ఆదివారం సంతకి పంపించేయండి వదినా. చచ్చాక ఎవరు కొంటారు?" నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ మావారి చేతిలో పెట్టేసి బయటికి వచ్చేశాను. మావారేమో వాడితో గట్టిగా ఒక్క మాట అనలేదు. ఆయన సంగతి మీకు తెలిసిందేగా.

ఆ మాట వినగానే నాయనమ్మ గుర్తొచ్చింది. నేను ఐదో తరగతిలో ఉండగా ఊరంతా కొక్కెర తెగులు వచ్చింది. రాణిఖేత్ అంటారే, అదే. ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో ఆ పేరుతో ఒక ఊరుందని పెద్దయ్యాకే తెలిసింది. నాయనమ్మకు ముప్పై కోళ్ల దాకా ఉండేవి. పొద్దున ఒకటి పోతే సాయంత్రానికి మూడు. రెక్కలు వాలిపోయి, ఆకుపచ్చగా పారుకుని, మెడ మెలితిరిగి అక్కడక్కడే తిరిగేవి. వెల్లుల్లి, పసుపు, మిరియాలు నూరి ముద్దలు మింగించింది. ఏమీ ఆగలేదు. మూడో రోజుకల్లా కోళ్ల బేరగాడు సైకిలుకి గంపలు కట్టుకుని వచ్చాడు. ఊళ్లో తెగులు ఉందంటే చాలు, వాళ్లకి ఎలాగో తెలిసిపోయేది. సగం ధరకి నిలబడి ఉన్నవన్నీ తీసుకుంటానన్నాడు. తాతయ్య సరే అన్నాడు కూడా. నాయనమ్మ గూటి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. "తెలిసి తెలిసి ఇంకో ఇంటికి రోగాన్ని తోలతామా?" అంది. బేరగాడు వెళ్లిపోయాడు. వారంలో ఒక్క కాకిపెట్ట మిగిలింది. గట్టు మీద గొయ్యి తీసి, సున్నం చల్లి అన్నింటినీ పూడ్చింది. ఆ సాయంత్రం ఖాళీ గూట్లో తల పెట్టి ఊడుస్తూ ఏడవడం చూశాను.

అందుకే నేను కోడిపిల్లలకి ఏడో రోజున లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ సూది, ఈ కొక్కెర టీకాలు రెండూ తప్పించను. వంద కోళ్లకు సరిపోయే సీసా నా పదకొండింటి కోసం కొనడం దండగని అందరూ అంటారు. నేను నాలుగిళ్ల వాళ్లని కలుపుకుని, ఐసు ముక్కల మధ్య పెట్టి తెస్తాను.

పక్కింటావిడ గోడ మీంచి "బర్డ్ ఫ్లూ కాదు కదా?" అని అడిగింది. ఆవిడ భయం తప్పు కాదు. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు వైపు ఆ రోగంతో కోళ్లు పోవడం చూశాక మా గోదావరి జిల్లాల్లో ఎవరికైనా ఆ టెన్షనే.

డాక్టర్ గారు నిన్న వచ్చి చూశారు. వాపు, వాసన చూసి కొక్కెర కాదు, కొరైజాలా, అంటే కోళ్ల అంటు జలుబులా ఉందన్నారు. ఇది వేరే సూక్ష్మజీవి, కొక్కెర టీకా దీన్ని ఆపదట. మందు పొడి అయిదు రోజులు తాగే నీళ్లలో కలపాలి, వేరే నీళ్లు దొరకనివ్వకూడదు, తను చెప్పేదాకా గుడ్లు తినకూడదు. ఒక్కసారిగా చాలా కోళ్లు చనిపోతే ముట్టుకోకుండా వెంటనే ఫోన్ చెయ్యమన్నారు. వెళ్తూ వెళ్తూ, "ఇంతకుముందు మీ కోళ్లలో దేనికైనా ముక్కు కారిందామ్మా? తగ్గిపోయిన కోడి కూడా దీన్ని లోపల మోస్తూనే ఉంటుంది" అని అడిగారు. లేదండీ అని గట్టిగా చెప్పి, కొత్త పెట్టల్ని చూపించాను.

ఇందాక గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చింది. దసరా వానలప్పుడు మన ఎర్రటి డేగపెట్టకి కన్ను వాచింది. పది రోజులు చీదింది. పసుపు రాశాను, తగ్గింది. దాని గురించి ఇక్కడ రాశాను కూడా.

పైగా ఈ జబ్బు అంటిన ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుందట. కొత్తవి ఆదివారం వచ్చాయి. సంతలోనే అంటి ఉంటే బుధవారానికల్లా తెలియాలి. వాటి ముక్కులు కారడం మొదలైంది శనివారం. అంటే మా గూట్లోనే అంటుకుని ఉండొచ్చు. మన పెట్టలేమో బాగానే ఉన్నాయి, కొత్తవి వచ్చాకే కదా ఈ జబ్బు అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. కానీ ముందు పడిపోయింది ఆ కొత్తవే.

విడిగా పెట్టకపోవడం తప్పే, ఆ మాట మరిదికి మళ్లీ చెప్తాను. కానీ రోగం తెచ్చావని మూడు రోజులుగా అంటున్నది మాత్రం వెనక్కి తీసుకోవాలి.

అదీ కాదు నన్ను కూర్చోబెట్టింది. సంక్రాంతికి మా చెల్లి ఇంటికి ఎదిగిన పెట్టపిల్లల్ని రెండింటిని పంపాను. అవి డేగపెట్ట పిల్లలే, అన్ని రోజులూ దాని పక్కనే పడుకున్నవి. నేనే బుట్టలో గడ్డి పరిచి, తాడు కట్టి బస్సు ఎక్కించాను. చెల్లి గూట్లో ఎనిమిది ఉన్నాయి.

ఇప్పుడు ఫోన్ చేస్తే భయపడుతుంది. తెల్లారి అయిదింటికే లేస్తుంది, అప్పుడు చేస్తాను. మందు నీళ్లు మార్చకముందే.