నెత్తళ్ళూ, ఒక ఇంగ్లీషు మాటా

సెలవుకి విశాఖ వచ్చి నాలుగు రోజులైంది. పెద జాలరిపేట ఇసుకలో అమ్మ నెత్తళ్ళు ఆరబెడుతోంది. వేలెడంత చేపలు, పొద్దుటి ఎండకి వెండిలా మెరుస్తున్నాయి. నేను పుట్టి పెరిగిందే ఈ వాసనలో.

ఇంగ్లాండులో నా ఉద్యోగం ఒక వృద్ధాశ్రమంలో. నలుగురం ఒకే ఇంట్లో ఉంటాం, వంటగది ఉమ్మడి. వెళ్ళిన మొదటి నెలలోనే ఓ రాత్రి డ్యూటీ దిగి, వంకాయ వేసి ఈ నెత్తళ్ళే వండుకున్నాను. పక్క గది అమ్మాయి తలుపు తీసి, ముక్కు మూసుకుని "డిస్గస్టింగ్!" అని వెళ్ళిపోయింది. ఆ కూర నాకు గొంతు దిగలేదు.

ఆ మాట పుట్టుకేమిటో తర్వాత వెతికి చూశాను. లాటిన్‌లో గుస్తుస్ అంటే రుచి. దానికి ముందు "కాదు" అనే ముక్క చేరి, 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చింది. మనమూ "ఆ మాట నాకు రుచించలేదు" అంటాం. కానీ మన మాటలో కాస్త మర్యాద మిగిలి ఉంటుంది. డిస్గస్టింగ్ అంటే రోత, కడుపులో దేవినంత అసహ్యం. ఒకరి కంచంలోని తిండిని ఎవరూ అనకూడని మాట అది.

మనవాళ్ళు కొత్తలో ఇంకోచోట తడబడతారు. అసహ్యం వేసిన మనిషి డిస్గస్టెడ్, అసహ్యం పుట్టించేది డిస్గస్టింగ్. పక్కబట్టలు మార్చి వచ్చిన ఒక కుర్రాడు "ఐయామ్ డిస్గస్టింగ్" అన్నాడు. "నన్ను చూస్తే రోత పుడుతుంది" అన్నట్టయింది పాపం.

ఆ మాటకి ఇంకో ముఖం ఉందని రెండో ఏడాదిలో తెలిసింది. నన్ను పనిలో పెట్టిన ఏజెన్సీ, ట్రైనింగ్ ఖర్చని జీతంలో కోత వేసింది. నేను రోజూ స్నానం చేయించే పెద్దాయన నా మొహం చూసి ఏమైందని అడిగారు. చెప్పాను. ఆయన చేతులు వణికాయి. "దట్స్ డిస్గస్టింగ్" అన్నారు, ఒక్కో అక్షరం నొక్కి. అన్యాయాన్ని చూసి ఛీకొట్టడానికీ అక్కడ అదే మాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

"ఏటే, ఈపాలి నెత్తళ్ళు తక్కువ కట్టీమంటావా?" అంది అమ్మ, చేపలు తిరగేస్తూ.

"లేదమ్మా, రెండు కిలోలు కట్టు."